ముందు ఆగేది సాంసా, దిల్లా?

దమ్మా పాతబడిన పెద్దలు మన ఖాందాన్లలో చాలామందే ఉంటారు. చేతిలో ఇన్‌హేలర్ ఉంటుంది, నోట్లో మాత్రం ఒకటే షికాయత్: "కాళ్లలో తాఖత్ లేదు బేటా." వయసు అంటాం, ఇంకాస్త కఠినంగా కాహిలీ అంటాం. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంటే కాళ్లకేమైంది? ఈ సవాల్‌కి తారీఖ్ ఉంది. దాని ఒక కొస మన హైదరాబాద్‌లోనే ఉంది.

మీర్ మహబూబ్ అలీ ఖాన్ జమానాలో అఫ్జల్‌గంజ్ దవాఖానాలో ఎడ్వర్డ్ లారీ అనే రెసిడెన్సీ సర్జన్ ఉండేవారు. 1846లో మొదలై మొదట్లో ఉర్దూలో డాక్టరీ నేర్పిన మెడికల్ స్కూల్ కూడా ఆయన చేతికింద ఉండేది. ఆ రోజుల్లో ఆపరేషన్‌కి క్లోరోఫాం ఇస్తే కొందరు మరీజ్‌లు టేబుల్ మీదే పోయేవారు. లండన్ డాక్టర్లలో చాలామంది ముందు ఆగేది గుండె అనేవారు. లారీ కాదన్నారు. మత్తు దిమాగ్‌కి ఎక్కి ముందు సాంస్ ఆపుతుంది, గుండె ఆ తరువాతే ఆగుతుంది, కాబట్టి నాడి కాదు, శ్వాస చూడండి అన్నది ఆయన వాదన. 1888లో నిజాం ఖర్చుతో మొదటి క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. దాంతో నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండి అన్నారు. వాళ్లు గుండె జబ్బుల మాహిర్ లాడర్ బ్రంటన్‌ని పంపారు. 1889లో కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, ఇలా వందలాది బేజుబాన్ జీవాల మీద తజ్రుబాలు జరిగాయి (ఆ లెక్క చదువుతుంటే మనసు బాధపడక మానదు). చివరికి బ్రంటన్ కూడా లారీ వైపే వచ్చారు. అక్కడే చదివి హకీమ్ పట్టా పొందిన రూపాబాయి ఫర్దూన్‌జీని ఈరోజు ప్రపంచపు తొలి మహిళా మత్తు డాక్టర్‌గా చెప్పుకుంటారు.

హైదరాబాద్ జవాబ్ సగమే సహీ అయ్యింది. 1911లో ఎ. జి. లెవీ పిల్లుల మీద చూసి, తక్కువ మోతాదు క్లోరోఫాం కూడా గుండె లయను ఛిద్రం చేసి ప్రాణం తీయగలదని తేల్చారు. అయినా శ్వాస మీద నిఘా పెట్టమన్న మాట నిలబడింది. సాంస్‌కి మాలిక్ దిమాగే అన్న సంగతి అఫ్జల్‌గంజ్ టేబుల్ మీద అందరి కళ్లకూ కనిపించింది. ఆ దవాఖానాని 1908 మూసీ వరద పొట్టనబెట్టుకుంది.

సరిగ్గా అదే కాలంలో ఇటలీలోని తూరిన్‌లో ఆంజెలో మోస్సో ఒక వేలితో బరువు ఎత్తించి, అలసట గీతను కాగితం మీద దింపుతున్నారు. అలసట కండలోనే కాదు, నరాల కేంద్రంలో కూడా పుడుతుందని 1891లో తన కితాబ్‌లో రాశారు. దాన్ని కొలిచే తరీఖా 1954లో లండన్‌లో పి. ఎ. మెర్టన్ చూపారు. మనిషి పూర్తి జోరుతో బొటనవేలు బిగిస్తాడు, అప్పుడు నరానికి చిన్న కరెంటు ఇస్తారు. అదనంగా బలం పుట్టిందంటే, కండలో తాఖత్ మిగిలి ఉన్నా దిమాగ్ దాన్ని పూర్తిగా వాడుకోలేదన్నమాట.

ఇదే పరీక్షను తరువాత సీఓపీడీ మరీజ్‌ల తొడ కండల మీద చేశారు. ఫలితాలన్నీ ఒకే మాట చెప్పవు. కొందరిలో దిమాగ్ హుకుం తగ్గినట్టు కనిపించింది, మరికొందరిలో హుకుం సహీగానే ఉండి కండ మాత్రం సన్నబడింది. దారి మాత్రం అర్థమవుతుంది. శ్వాస కండరాలు రాత్రింబవళ్లు మెహనత్ చేస్తాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, జబ్బు ముదిరితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, పొద్దున్నే తలనొప్పి, మగత వస్తాయి. అలసిన కండల నుంచి వెళ్లే ఖబర్ విని దిమాగ్ కాళ్లకిచ్చే హుకుం తగ్గించుకుంటుంది. దాన్ని కాహిలీ అనడం జుల్మ్. ఆక్సిజన్ బాగా తగ్గిన మరీజ్‌లకు రోజుకు 15 గంటలకు పైగా ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981ల్లో అమెరికా, బ్రిటన్ పరిశోధనలు చూపాయి. డాక్టర్ నిఘాలో కసరత్ చేయిస్తే కాళ్ల బలం కొంత తిరిగి వస్తుంది.

ఈ మాట హైటెక్ సిటీ వైపు ఎందుకు తిప్పుతున్నానంటే, 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ గుట్టలు పగులుతూనే ఉన్నాయి. ఇది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, దాని పొడిలో సిలికా ఉంటుంది. టవర్లు లేచాక లోపల మార్బుల్ కోత, టైల్ కోత. అది మనవాళ్లకు బాగా తెలిసిన కామ్. వంటగది గట్టుకు వేసే క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం దాకా ఉండొచ్చు. ఆ పొడి తెచ్చే సిలికోసిస్‌కి ఇలాజ్ లేదు. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకలనే బంద్ చేసింది. ఇక్కడ నలభై ఏళ్ల మిస్త్రీ గ్రైండర్ పట్టు జారుతోందంటే ముందు భుజానికి మాలిష్ చేయిస్తాం. ఛాతీ ఎక్స్‌రేతో పాటు ఆరు నిమిషాల నడక పరీక్ష, చేతి పిడికిలి బలం కొలత అడగండి. రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తున్నారో లేదో కూడా అడగండి.