కడుపుకోత నుంచి చట్టం దాకా

మన పోరాటాల చరిత్ర చెప్పుకోవాలంటే జోడేఘాట్‌తో మొదలుపెడతాం. కొమురం భీమును తలుస్తాం, గాం గంటందొరను, మల్లుదొరను తలుస్తాం. ఏటా ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి స్తూపం దగ్గర తల వంచుతాం. నేలకొరిగిన వారి పేర్లు పాటల్లో ఉన్నాయి, పుస్తకాల్లో ఉన్నాయి. వారిని కన్న తల్లులు ఆ తర్వాత ఎలా బతికారో, ఎవరిని నిలదీశారో మాత్రం చాలా తక్కువ మంది రాశారు. బిడ్డ పోయిన తల్లి ఏడుస్తుందని అందరికీ తెలుసు. ఆమె అడుగుతుందనీ, అడిగి అడిగి దేశపు చట్టాన్నే కదిలిస్తుందనీ మన పిల్లలకు బడిలో చెప్పేవారు లేరు. అందుకే అలాంటి కొందరు తల్లుల చరిత్రను ఇక్కడ రాస్తున్నాం.

నీలబతి బెహరా రాసిన ఉత్తరం

ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా మనకు కొత్త కాదు. అది కూడా మన ఏజెన్సీలాగే అయిదో షెడ్యూలు ప్రాంతం. ఆ జిల్లాలో బిస్రా పోలీసు స్టేషను కింద జరాయికేలా అనే చోట ఒక ఔట్‌పోస్టు ఉంది. పక్కనే రైలు మార్గం. 1987 డిసెంబరు 1 ఉదయం 8 గంటలకు అక్కడి అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్ ఒక దొంగతనం కేసు విచారణ కోసమని సుమన్ బెహరా అనే యువకుణ్ణి ఇంటి నుంచి తీసుకుపోయాడు. సుమన్ వయసు 22 ఏళ్లు. నెలకు పన్నెండు వందల నుంచి పదిహేను వందల రూపాయల దాకా సంపాదించి ఇల్లు నడిపే కొడుకు.

ఆ రాత్రి 8 గంటలకు తల్లి నీలబతి ఔట్‌పోస్టుకు అన్నం పట్టుకెళ్లింది. కొడుకు తిన్నాడు. ఆమె ఇంటికి తిరిగొచ్చింది. మరునాడు మధ్యాహ్నం 2 గంటల వేళ, రైలు పట్టాల మీద వంతెన దగ్గర సుమన్ శవం ఉందని ఆమెకు కబురు తెలిసింది. ఒంటి నిండా గాయాలు.

పోలీసులు చెప్పిన కథ ఇది. కట్టేసిన తాడును సుమన్ రాత్రి 3 గంటల వేళ పళ్లతో కొరికి పారిపోయాడు, తర్వాత రైలు కింద పడ్డాడు. ఇలాంటి కథలు మన గూడేల్లో విననివా? పారిపోతూ పడిపోయాడనీ, ఉరి వేసుకున్నాడనీ, ఉన్నట్టుండి గుండె ఆగిందనీ ఊరు మారితే కథ మారుతుంది. చెప్పేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఒకరే, ఎందుకంటే ఆ గదిలో ఏం జరిగిందో చూసిన సాక్షులు వాళ్లే.

1988 సెప్టెంబరు 14న నీలబతి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే కోర్టు రాజ్యాంగం 32వ అధికరణ కింద పిటిషన్‌గా తీసుకుంది. 1991 మార్చిలో సుందర్‌గఢ్ జిల్లా జడ్జిని విచారణ జరపమంది. జిల్లా జడ్జి సాక్షులను పిలిచి విన్నాడు, వైద్యుడి మాట విన్నాడు. ఆ గాయాలు మొద్దు వస్తువుతో కొడితే అయ్యేవేగాని, రైలు గుద్దితే అయ్యేవి కావని వైద్యుడు చెప్పాడు. కొరికిన తాడు సంగతీ తేలింది. పరీక్షకు పంపిన రెండు తాడు ముక్కల కొసలు ఒకదానికొకటి అతకలేదని ప్రయోగశాల నివేదిక ఇచ్చింది. పైగా, నిందితుడు పారిపోయాడంటున్న పోలీసులు అతని కోసం పెద్దగా వెతికిందీ లేదు, శవం దగ్గరికి వెంటనే వచ్చిందీ లేదు. ఔట్‌పోస్టులో కొట్టిన దెబ్బలతోనే సుమన్ చనిపోయాడని జిల్లా జడ్జి 1991 సెప్టెంబరులో నివేదిక పంపాడు.

1993 మార్చి 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నీలబతికి లక్షా యాభై వేల రూపాయలు పరిహారం ఇవ్వాలని ఒడిశా ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ డబ్బు సంగతి పక్కన పెట్టి, ఆ తీర్పు మార్చిన సూత్రాన్ని మనం గుర్తుపెట్టుకోవాలి.

రాజుకు అంటని తప్పు

బ్రిటిషువారి కాలం నుంచి ఒక సూత్రం నడుస్తూ వచ్చింది. పాలన చేస్తూ సర్కారు మనిషి తప్పు చేస్తే దానికి సర్కారు సొమ్ము కట్టనక్కరలేదు. దీన్నే సార్వభౌమ రక్షణ అంటారు. ఒకప్పుడు మీరట్‌లో పోలీసులు ఒక వ్యాపారి బంగారం పట్టుకుని స్టేషనులో దాచారు. హెడ్ కానిస్టేబులే ఆ బంగారం ఎత్తుకుని పాకిస్తాన్ వెళ్లిపోయాడు. వ్యాపారి కేసు వేస్తే, సర్కారు కట్టనక్కరలేదని 1964లో సుప్రీంకోర్టే చెప్పింది. వ్యాపారి బంగారానికే దిక్కు లేకపోతే పేదవాడి ప్రాణానికి దిక్కెక్కడ?

దీనికి గండి కొట్టినవారిలో ఆడవాళ్లు ముందున్నారు. 1982లో మణిపూర్ కొండల్లోని ఒక నాగా ఊరి నుంచి సైన్యం ఇద్దరు మగవాళ్లను తీసుకెళ్లింది. వాళ్లు తిరిగి రాలేదు. 1984లో సుప్రీంకోర్టు వాళ్ల భార్యలకు చెరి లక్ష రూపాయలు ఇవ్వమంది. ఢిల్లీలో పోలీసుల దెబ్బలకు తొమ్మిదేళ్ల నరేశ్ చనిపోతే, అతని తల్లి తరఫున సహేలీ అనే మహిళా సంస్థ కోర్టుకెళ్లింది. ఆ తల్లికి 75 వేల రూపాయలు ఇవ్వాలని 1989 డిసెంబరులో కోర్టు చెప్పింది. వీటన్నింటినీ ఒక సూత్రంగా నిలబెట్టినది నీలబతి కేసు. జీవించే హక్కును రాజ్యమే కాలరాస్తే సార్వభౌమ రక్షణ అనే మాట చెల్లదు. బాధితులు ఏళ్ల తరబడి సివిలు దావా నడపనవసరం లేకుండా, రాజ్యాంగ న్యాయస్థానమే నేరుగా పరిహారం ఇప్పించవచ్చు. లాకప్‌లో ఉన్న మనిషి చనిపోతే ఎలా చనిపోయాడో చెప్పాల్సిన బరువు సర్కారు మీదే ఉంటుంది.

ఈ సూత్రం తెలుగు నేలకూ వచ్చింది. 1977లో కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్‌జైల్లో ఉన్న ఒక ఖైదీని బయటివారు బాంబులు వేసి చంపారు. ప్రాణభయం ఉందని ముందే చెప్పినా కాపలా పెంచలేదు. కొడుకు వేసిన కేసులో, జీవించే హక్కు ముందు సార్వభౌమ రక్షణ నిలవదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది.

అరెస్టు కాగితం వెనుక

నీలబతి తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో జస్టిస్ ఎ.ఎస్. ఆనంద్ ఒకరు. మూడేళ్ల తర్వాత, 1996 డిసెంబరులో, డి.కె. బసు కేసులో తీర్పు రాసిందీ ఆయనే. ఆ కేసు కూడా ఉత్తరంతోనే మొదలైంది. పశ్చిమ బెంగాల్‌లో పేదలకు న్యాయసహాయం చేసే సంస్థ నుంచి 1986లో బసు రాసిన ఉత్తరమది. అరెస్టు చేసేటప్పుడు పోలీసులు పాటించి తీరాల్సిన 11 నియమాలను ఆ తీర్పు పెట్టింది. వాటిలో చాలావాటిని తర్వాత పార్లమెంటు చట్టంలో చేర్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ అవి ఉన్నాయి. ఉపాధ్యాయులు తరగతిలో చెప్పడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నాం.

అరెస్టు చేసే అధికారి పేరు కనబడేలా ఉండాలి. అరెస్టు కాగితం రాయాలి. దాని మీద ఇంటివారో, ఊరి పెద్దమనిషో ఒకరు సాక్షి సంతకం చేయాలి (36వ సెక్షను). ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి (47). ఎక్కడ ఉంచారో బంధువులకు తెలపాలి (48). విచారణ సమయంలో వకీలును కలవనివ్వాలి (38). వైద్యుడు పరీక్షించి ఒంటి మీద గాయాలుంటే రాయాలి, ఆ నివేదిక నకలు ఇవ్వాలి (53). ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి (58). కస్టడీలో మనిషి చనిపోతే పోలీసు విచారణ ఒక్కటే చాలదు, మెజిస్ట్రేటు విచారణ కూడా జరగాలి. వీలైనంతవరకు చనిపోయినవారి బంధువులకు కబురు చేసి, విచారణలో ఉండనివ్వాలి (196).

అన్నం పట్టుకుని ఔట్‌పోస్టుకు వెళ్లిన నీలబతి చేతిలో ఆ రాత్రి ఇలాంటి కాగితం ఒక్కటీ లేదు. ఈ నియమాలను అలా చదివితే వాటి విలువ మన పిల్లలకు తెలుస్తుంది.

మణిపూర్ తల్లులు

2004 జూలైలో మణిపూర్‌లో థాంగ్‌జం మనోరమ అనే యువతిని అస్సాం రైఫిల్స్ వారు రాత్రివేళ ఇంటి నుంచి తీసుకుపోయారు. తెల్లారాక తూటాల గాయాలతో ఆమె శవం దొరికింది. జూలై 15న పన్నెండు మంది నడివయసు స్త్రీలు ఇంఫాల్‌లోని కాంగ్లా కోట గేటు ముందు ఒంటి మీద బట్ట లేకుండా నిలబడ్డారు. మేమంతా మనోరమ తల్లులమని ఎలుగెత్తి చెప్పారు. వాళ్లలో ఎవరూ ఆమెను కన్నతల్లి కారు.

వాళ్లు అడిగింది సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టాన్ని ఎత్తివేయమని. ఆ ఏడాది ఆగస్టులో ఇంఫాల్‌లోని ఏడు శాసనసభ నియోజకవర్గాల్లో దాన్ని ఎత్తివేశారు. నవంబరులో అస్సాం రైఫిల్స్ కాంగ్లా కోటను ఖాళీ చేసింది. చట్టాన్ని సమీక్షించడానికి కేంద్రం వేసిన సంఘానికి మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షుడు. ఆ చట్టాన్ని రద్దు చేయాలని 2005 జూన్‌లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. రద్దు మాత్రం జరగలేదు.

తర్వాత మణిపూర్‌లోనే ఎన్‌కౌంటర్లలో చనిపోయినవారి భార్యలూ తల్లులూ సంఘం కట్టారు. 1979 నుంచి 2012 దాకా పోలీసుల చేతుల్లో, సాయుధ దళాల చేతుల్లో జరిగిన 1,528 మరణాల జాబితా తయారుచేసి 2012లో సుప్రీంకోర్టుకెక్కారు. కోర్టు నియమించిన జస్టిస్ సంతోష్ హెగ్డే కమిషన్ మచ్చుకు ఆరు ఘటనలు పరిశీలించింది. ఒక్కటీ నిజమైన ఎన్‌కౌంటర్ కాదని తేల్చింది. వాటిలో చనిపోయిన ఒకరు పన్నెండేళ్ల పిల్లవాడు. కల్లోలిత ప్రాంతమైనా సరే, బలగాల చేతిలో జరిగిన మరణానికి జవాబు చెప్పాల్సిందేనని 2016 జూలైలో కోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది సి.బి.ఐ. దర్యాప్తుకు ఆదేశించింది.

ఈ కథలో జాబితా గురించి మన యువత ఆలోచించాలి. భర్త పోయిన, కొడుకు పోయిన ఆడవాళ్లు ఇంటింటికీ చెందిన దుఃఖాన్ని తేదీతో, చోటుతో, పేరుతో రాసిపెట్టారు. ఆ రాత లేకపోతే కోర్టు ముందు పెట్టడానికి ఏమీ ఉండేది కాదు.

ఇంకా తెరుచుకోని తలుపు

చరిత్ర చెప్పేటప్పుడు గెలిచినంతవరకే చెప్పి ఆపకూడదు. పరిహారం సర్కారు ఖజానా నుంచి వస్తుంది. కొట్టిన చేతికి శిక్ష పడడం వేరే సంగతి.

కేరళలో 2005 సెప్టెంబరులో ఉదయకుమార్ అనే యువకుడు తిరువనంతపురం ఫోర్ట్ పోలీసు స్టేషనులో చిత్రహింసలకు చనిపోయాడు. అతని జేబులో ఉన్న నాలుగు వేల పైచిలుకు రూపాయలు దొంగసొమ్మని పోలీసుల అనుమానం. తల్లి ప్రభావతి అమ్మకు అతనొక్కడే కొడుకు. మొదటి విచారణలో ముఖ్య సాక్షి మాట మార్చాడు. ఆమె హైకోర్టుకెళ్లి సి.బి.ఐ. దర్యాప్తు తెప్పించుకుంది. 2018 జూలైలో సి.బి.ఐ. కోర్టు ఇద్దరు పోలీసులకు మరణశిక్ష వేసింది. 2025 ఆగస్టులో కేరళ హైకోర్టు దర్యాప్తులో లోపాలున్నాయంటూ ఆ తీర్పు కొట్టేసి నిందితులను వదిలేసింది. ఇరవై ఏళ్లు తిరిగిన తల్లికి చివరికి దక్కింది ఇది.

మన విశాఖ మన్యంలో వాకపల్లి సంగతీ ఇలాగే ముగిసింది. తమపై పోలీసులు అత్యాచారం చేశారని 2007లో పదకొండు మంది కోందు స్త్రీలు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులని వదిలింది. దర్యాప్తు సరిగా జరగలేదని అంటూనే, బాధితులకు పరిహారం ఇవ్వమంది. అక్కడా పరిహారం ఉంది, శిక్ష లేదు.

దీనికి మందు ఏమిటో ఎప్పుడో చెప్పారు. మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ బాలికపై 1972లో పోలీసు స్టేషనులోనే అత్యాచారం జరిగింది. 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. దేశమంతా స్త్రీలు వీధికెక్కారు. 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారం కేసుల్లో, తాను ఒప్పుకోలేదని స్త్రీ చెబితే కోర్టు ముందుగా ఆ మాటే నమ్మాలని సాక్ష్య చట్టంలో రాశారు. కస్టడీలో అయిన గాయాలకూ ఇలాంటి నియమమే కావాలని, అవి పోలీసులు చేసినవేనని కోర్టు భావించేలా కొత్త సెక్షను చేర్చాలని లా కమిషన్ 1985లోనే తన 113వ నివేదికలో చెప్పింది. ఆ సెక్షను ఇప్పటికీ రాలేదు. చిత్రహింసలను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం మీద భారతదేశం 1997లో సంతకం చేసింది, ఆమోదం తెలపలేదు. చిత్రహింసల నివారణ బిల్లు 2010లో లోక్‌సభ దాటింది, చట్టం కాలేదు. ప్రత్యేక చట్టం తేవాలని లా కమిషన్ 2017లో మళ్లీ చెప్పింది.

కనుక తల్లుల పని ఇంకా పూర్తి కాలేదు, ఆ మిగిలిన పని మనది. ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులను మేము కోరేది ఒకటి. రాజ్యాంగం 21, 22, 32 అధికరణలు చెప్పే రోజున నీలబతి కథ కూడా చెప్పండి. పై నియమాలను కోయ, గోండి, కువి, సవర మాటల్లో గోడ మీద రాయించండి. చదువుకున్న తమ్ముళ్లను, చెల్లెళ్లను కోరేది ఇంకొకటి. ఊళ్లోంచి ఎవరినైనా స్టేషనుకు తీసుకెళితే, తీసుకెళ్లిన రోజు, గంట, బండి నంబరు, అధికారి పేరు, చూసినవారి పేర్లు అప్పటికప్పుడే నోటుపుస్తకంలో రాయండి. అరెస్టు కాగితం అడగండి. వైద్యుడి నివేదిక నకలు అడగండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఉత్తరం పెట్టండి. ఆదివాసీలకు అక్కడ వకీలును ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది.

ఉత్తరం రాసేనాటికి నీలబతి కొడుకు పోయి తొమ్మిది నెలలు దాటింది. మన ఊళ్లో ఏ తల్లికీ అలాంటి ఉత్తరం రాసే అవసరం రాకూడదంటే, బిడ్డను తీసుకెళ్లిన రోజే అడిగేవాళ్లు ఊళ్లో ఉండాలి.