వాకిట్లో గుస్సాడి, వేదిక మీద గుస్సాడి

బాసరలో పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తారు. ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు పిల్లల్ని ఎత్తుకుని వస్తారు. 2008లో అక్కడే ట్రిపుల్ ఐటీ కూడా మొదలైంది. ఆ గోదావరి వెంటే కిందికి పోతే మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలంలో గుడిరేవు వస్తుంది. అక్కడ మా పద్మల్‌పురి కాకో ఉంది. దీపావళి ముందు మా దండారీ బృందాలు డోలు, తుడుం, పెప్రెలతో ఆమె దగ్గరికి పోతాయి. బాసర సరస్వతి అందరికీ తెలుసు. అదే నది ఒడ్డున ఉన్న మా కాకో సంగతి చదువుకున్నవాళ్లలో ఎందరికి తెలుసు?

ఈ ప్రశ్న మాకు ఒక కాలేజీ వార్షికోత్సవంలో పుట్టింది. అది బాసరలో కాదు, దూరపు పట్నంలో. మా దగ్గర చదివిన అమ్మాయి అక్కడ చదువుతుంటే చూడటానికి పోయాం. మైకులో "ఇప్పుడు ఆదివాసీ నృత్యం" అన్నారు. పిల్లలు ఒంటికి నల్లరంగు పూసుకుని, ఆకులు కట్టుకుని, బల్లేలు పట్టుకుని, అర్థం లేని అరుపులు అరుస్తూ ఎగిరారు. ఒకడు నెత్తిన నెమలీకల టోపీ పెట్టుకుని కోతిలా గంతులేశాడు. సభ అంతా నవ్వింది. మా అమ్మాయి తల దించుకుంది. బయటికి వచ్చాక "సార్, అది మా ఇంటికి వచ్చే దేవుడని వాళ్లకు ఎట్ల చెప్పాలె?" అని అడిగింది. అప్పుడు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఈ వ్యాసమే ఆ జవాబు.

గుస్సాడి ఒక డాన్సు పేరు కాదు. దండారీ రోజుల్లో దీక్ష పట్టిన మనిషి గుస్సాడి. ఆయన నెత్తిన మల్‌బూర, అంటే నెమలి పింఛాల కిరీటం పెడతాడు. ఒంటికి బూడిద పూసుకుంటాడు, భుజాన తోలు వేసుకుంటాడు, చేత కర్ర పడతాడు. దీక్ష ముగిసేదాకా స్నానం చేయడు. మేము ఆయనలో దేవుణ్ని చూసి కాళ్లు మొక్కుతాం. ఒక ఊరి దండారీ ఇంకో ఊరికి విడిదికి పోతుంది. అక్కడ కాళ్లు కడిగి అన్నం పెడతారు. పెండ్లి సంబంధాలు కూడా అక్కడే కలుస్తాయి. దీపావళి తర్వాత కోలబోడితో పండుగ ముగుస్తుంది. ఒంటి నలుపు మా జాతి గుర్తు కాదు, అది దీక్ష బూడిద. ఆ తేడా తెలియకనే వేదిక మీద నల్లరంగు వచ్చింది.

ఇట్లాంటి పొరపాటు ఇక్కడే జరగలేదు. 1931లో పారిస్‌లో వలసరాజ్యాల ప్రదర్శన జరిగినప్పుడు న్యూ కాలెడోనియా నుంచి కనక్ జాతివాళ్లను తీసుకుపోయి, నరమాంస భక్షకులుగా జనానికి చూపారు. చూపినవాళ్లు ఏమనుకున్నారో అదే వాళ్ల చేత ఆడించారు. మనిషిని అడగకుండా అతని వేషం కట్టిస్తే జరిగేది అదే.

మా చరిత్రను అడిగి రాసినవాళ్లూ ఉన్నారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక హైమన్‌డార్ఫ్ మా గూడేలకు వచ్చాడు. మార్లవాయిలో మాతో ఉండి, మా భాష నేర్చుకున్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. మేము ఈ రోజు బడిలో సుద్దముక్క పట్టుకున్నామంటే దాని మొదలు అక్కడుంది. ఆ మార్లవాయి మనిషే కనకరాజు. ఊరి వాకిట్లోని గుస్సాడిని ఆయన వేదికలకు తీసుకుపోయాడు, యువకులకు నేర్పాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశాడు. వేదిక మీదికి పోవడమే తప్పయితే ఆయనకు ఆ గౌరవం ఎందుకు? ఆడింది తెలిసినవాడు, తన మాట తానే చెప్పాడు. తేడా అక్కడుంది.

మా తప్పు కూడా ఒప్పుకోవాలి. నాయకులు వస్తే స్వాగతానికి గుస్సాడి టోపీలు పెట్టి నిలబడింది మేమే. దండారీ కాని రోజుల్లో మల్‌బూర ఎత్తకూడదని పెద్దలు అంటే విననిదీ మేమే. మేమే వేషంగా మారిస్తే చూసేవాడు వేషమే అనుకుంటాడు.

అందుకని కాలేజీల్లో పనిచేసే సార్లకు, మేడంలకు మా విన్నపం ఇది. మా ఆట ఆడొద్దని అనడం లేదు. ముందు మీ తరగతిలోని గోండు, కోలాం, పరధాన్ పిల్లల్ని అడగండి. ఆడేముందు అది ఏ పండుగలోదో, ఏ ఊరిదో మైకులో రెండు మాటలు చెప్పించండి. వద్దంటే ఆపండి. ఆ పిల్లల్నే వేషం వేయమని బలవంతం చేయకండి.

మా పిల్లలకు చెప్పేది వేరు. మీ తాత దగ్గర కూర్చుని దండారీ సంగతి అడిగి, మీ చేత్తో రాసుకోండి. బాసరలో దిద్దిన అక్షరాలు గుడిరేవు కాకో గురించి రాయడానికి కూడా పనికిరావాలి. మళ్లీ ఆ అమ్మాయి లాంటి బిడ్డ ఎవరైనా సభలో కూర్చుంటే, తల దించుకోకుండా లేచి మైకు అడగాలి.