తరంగంబాడిలో గుంట ఓనమాలు: జీగెన్‌బాల్గ్ తొలినాళ్ళపై ఒక పరిశీలన

1705 నవంబరులో కోపెన్‌హాగెన్ నుంచి బయలుదేరిన ‘సోఫియా హెడ్విగ్’ అనే డేనిష్ ఓడ 1706 జూలై 9న కోరమాండల్ తీరంలోని తరంగంబాడి చేరింది. డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ పంపిన ఇద్దరు జర్మన్ మిషనరీలు అందులో ఉన్నారు. వారిలో చిన్నవాడు బార్తలోమ్యూస్ జీగెన్‌బాల్గ్. హాలే విశ్వవిద్యాలయంలో చేరి, ఒంట్లో బాగుండక చదువు సాగించలేకపోయిన సాక్సనీ కుర్రవాడు. దిగేనాటికి 24 ఏళ్ళు నిండీ నిండలేదు. రెండోవాడు హైన్రిష్ ప్లూట్‌షౌ, అతనికంటే కొన్నేళ్ళు పెద్ద.

వచ్చిన ఎనిమిది నెలల్లోనే జీగెన్‌బాల్గ్‌కు తమిళం పట్టుబడిందని ఆయన జీవితచరిత్రలు తరచూ చెబుతాయి. ఇందులో నిజం పాలు ఎంత? నిజమే అయితే ఆ పని ఎవరి సాయంతో జరిగింది? నా దృష్టిలో రెండో ప్రశ్నే ముఖ్యం.

ముందుగా ఆధారాల సంగతి. ఆ తొలినాళ్ళ గురించి మనకు తెలిసినదాంట్లో అధికభాగం జీగెన్‌బాల్గ్ స్వయంగా ఇంటికి రాసిన ఉత్తరాల నుంచే వచ్చింది. అవి 1708లోనే జర్మనీలో అచ్చయ్యాయి, 1709లో లండన్‌లో ఇంగ్లీషులోకి వచ్చాయి. 1710 నుంచి హాలేలో ఇలాంటి నివేదికలు వరసగా వెలువడ్డాయి. చదివేవాళ్ళు భక్తులు, విరాళాలు ఇచ్చేవాళ్ళు. అచ్చుకు పంపేముందు హాలేలో వాటికి కత్తిరింపులు కూడా జరిగేవి. కాబట్టి ‘ఎనిమిది నెలలు’ అన్న మాటను అబద్ధమని కొట్టిపారేయనక్కర్లేదు, తూకం వేసి చెప్పిన లెక్కగానూ తీసుకోనక్కర్లేదు.

ఊరి సంగతి చూద్దాం. తరంగంబాడిని డేనులకు 1620లో ఇచ్చింది తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడు, తెలుగు సాహిత్యం చదివినవారికి కవిగా తెలిసిన రాజే. 1706 నాటికి తంజావూరు మరాఠా రాజు షాహూజీ ఏలుబడిలో ఉంది. కోటలో డేనిష్ కంపెనీ, వీధుల్లో తమిళం, తెల్లవాళ్ళకూ స్థానికులకూ నడుమ సంకర పోర్చుగీసు. కంపెనీ అధికారి హాసియస్‌కు ఈ మిషనరీల రాక సుతరామూ నచ్చలేదు. వ్యాపారం చేసుకునే చోట మతప్రచారం తలనొప్పి తెస్తుందన్నది కంపెనీవాళ్ళ భయం అయి ఉండాలి. అసలు వైరం రాజుగారి ఉత్తరువుకీ కంపెనీ లాభనష్టాలకీ మధ్య అనిపిస్తుంది. ఏమైనా అది ముదిరి, 1708 చివరి నుంచి జీగెన్‌బాల్గ్ నాలుగు నెలలు కోటలో ఖైదు అనుభవించాడు.

మొదట నేర్చుకున్నది పోర్చుగీసు. ఇది చిన్న విషయం కాదు. 1707 మే నెలలో తొలి బాప్తిస్మం పొందిన ఐదుగురూ యూరోపియన్ల ఇళ్ళలో బానిసలు. అలాంటి ఇళ్ళలో నడిచేది ఎక్కువగా పోర్చుగీసే. అందుచేత వచ్చిన పది నెలలకే జరిగిన ఆ బాప్తిస్మాలను తమిళ పాండిత్యానికి రుజువుగా చూపడం సరికాదు.

తమిళం విషయంలో అందరూ చెప్పే కథ ఇది. ఒక ముసలి అయ్యవారిని పిలిపించి, ఆయన వీధిబడిని తమ ఇంట్లోనే పెట్టించుకుని, జీగెన్‌బాల్గ్ పిల్లల మధ్య కూర్చుని ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దాడు. జీవితచరిత్రకారులు దీన్ని వినయానికి గుర్తుగా చిత్రిస్తారు. మనకు మాత్రం ఇందులో వింత కనిపించదు. గుంట ఓనమాలు దిద్దించి, నోటితో వల్లె వేయించి, చెయ్యి తిరిగాక తాటాకు మీదికి మళ్ళించడం దక్షిణాది బడులన్నింటా ఉన్న పద్ధతే. అతను కొత్త దారి కనిపెట్టలేదు, ఉన్న బడిలో చేరాడు. తెలివైన పని అదే. బడిని పిలిపించుకునే స్తోమత ఉండడం కూడా ఆ తెలివిలో భాగమే.

తర్వాతి దశలో తన దినచర్యను ఆయనే ఒక ఉత్తరంలో వివరించాడు. పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా అంతకుముందు రాసుకున్న మాటలు, పలుకుబడులు నెమరు వేసుకోవడం. ఎనిమిది నుంచి పన్నెండు దాకా మునుపు చదవని తమిళ గ్రంథాలు చదవడం. పక్కన ఒక ముసలి కవి, ఒక రాయసగాడు. కొత్త మాట తగిలితే రాయసగాడు వెంటనే రాసుకోవాలి, పద్యం కొరుకుడు పడకపోతే కవి దాన్ని వాడుక మాటల్లోకి విప్పి చెప్పాలి. భోజనం చేస్తున్నప్పుడు కూడా ఎవరో ఒకరు చదివి వినిపించేవారు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా మళ్ళీ చదువు. రాత్రి ఏడు నుంచి ఎనిమిది దాకా, కళ్ళకు శ్రమ లేకుండా, వినడం. తన మాటలో, రాతలో అనుకరించడానికి వీలైన శైలి గల పుస్తకాలనే ఎంచుకున్నానని కూడా చెప్పాడు.

ఇన్ని గంటలు, ఇంతమంది సాయం ఉంటే ఎనిమిది నెలల్లో చెప్పుకోదగ్గ చదువు అబ్బడం అసంభవమేమీ కాదు. అయితే కవి దగ్గర నేర్చిన గ్రాంథిక తమిళంతో సంతలో బేరం ఎంత బాగా ఆడగలిగాడో ఈ దినచర్య చెప్పదు.

సాయం చేసినవారిలో ముఖ్యుడు అళగప్పన్. కంపెనీ దగ్గర చాలాకాలం దుబాసీగా పనిచేసి కొలువు పోయినవాడు, పోర్చుగీసుతో పాటు ఇతర యూరప్ భాషలూ ఎరిగినవాడు. జీగెన్‌బాల్గ్ మొదట్లో ఆయన మీదే ఆధారపడ్డాడు. జీగెన్‌బాల్గ్ దగ్గరి కొలువు అళగప్పన్‌కు అచ్చిరాలేదు. కంపెనీవాళ్ళు ఆయనను ఊరి నుంచి వెళ్ళగొట్టారు. మరో సాయం పుస్తకాలది. కాథలిక్కులు అప్పటికే తమిళంలో క్రైస్తవ రచనలు చేసి ఉన్నారు. క్రైస్తవ భావాలను తమిళంలో చెప్పే పదజాలం ప్రొటెస్టంటు యువకుడికి వాటిలో సిద్ధంగా దొరికింది. ఈ అప్పును ప్రొటెస్టంటు చరిత్రలు తక్కువగానే ప్రస్తావించడం సహజమే!

పరాయి సంస్కృతి పట్ల ఆయన వైఖరి ఎంత మారిందో తేల్చడం ఇంకా కష్టం. విగ్రహారాధన తప్పన్న నమ్మకాన్ని చివరిదాకా వదలలేదు. అదే మనిషి 1708 నాటికి తాను సేకరించిన తమిళ గ్రంథాలకు పట్టిక తయారుచేశాడు. అందులో తమిళ హిందూ రచనలే 119 ఉన్నాయి. అదే ఏడు ‘నీతి వెణ్బా’, ‘కొన్ఱై వేందన్’, ‘ఉలగ నీతి’ అనే మూడు నీతి గ్రంథాలను జర్మన్‌లోకి మార్చాడు. వీటిలో ‘కొన్ఱై వేందన్’ అక్షరక్రమంలో సాగే ఏకవాక్య నీతులు. మన వీధిబడిలో సుమతీ శతకం ఎలాగో తమిళ బడిలో అదలాగ. బడిపిల్లల పక్కన కూర్చున్నవాడు బడిపిల్లల పుస్తకాన్నే అనువదించడం కాకతాళీయం కాకపోవచ్చు. 1713లో దక్షిణాది దేవతలపై రాసిన పెద్ద గ్రంథానికి హాలేలో ఆదరణ దొరకలేదు. అది 1867లో గాని అచ్చు కాలేదు, అదీ మద్రాసులో. అచ్చయిన ఉత్తరాలను మాత్రమే చదివితే ఈ మనిషిలో సగమే కనిపిస్తాడనడానికి ఇది గట్టి ఆధారం.

తెలుగుకు సంబంధించిన కొస ఒకటుంది. జీగెన్‌బాల్గ్ 1719లో కన్నుమూశాడు. ఆ ఏడే వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1726లో మద్రాసుకు మారి తెలుగు నేర్చాడు, 1728లో తెలుగు వ్యాకరణం రాశాడు. ఆయన హాలేకు తిరిగివెళ్ళాక 1746–47లో అక్కడ తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. తరంగంబాడి అనుభవం ఆయనకు ఎంత పనికొచ్చిందన్నది విడిగా పరిశీలించాల్సిన విషయం.

అవతలి పక్షం మాట వినాలంటే 1712–14 మధ్య తమిళులు మిషనరీల ప్రశ్నలకు రాసిన 99 జవాబులు ఉన్నాయి. వాటిలో చాలావరకు అళగప్పనే రాసి ఉంటాడని కొందరు పరిశోధకుల అభిప్రాయం. గొడ్డుమాంసం తింటారు, తాగుతారు, శుచీ శుభ్రం పాటించరు, ఇలాంటివాళ్ళ మతం గొప్పదెలా అవుతుందన్నది వాటిలో వినిపించే ఆక్షేపణ. తొలినాళ్ళలో ఆ ఇద్దరు యువకులు వీధిలో నడుస్తుంటే జనం ఏమనుకున్నారో దీన్నిబట్టి కొంత ఊహించవచ్చు. కాకపోతే ఈ జవాబులు మనకు దక్కింది జర్మన్ అనువాదంలో. అనువదించింది మిషనరీలే.