కొత్తగూడెము సీమలో గోడపూత వృత్తి: దాని పూర్వోత్తరములు

ఇట్టి సంచికలయందు వంశకీర్తనమునకే అగ్రస్థాన మిచ్చుట వాడుక. సగర చక్రవర్తి కథయు, గంగను భువికి దెచ్చిన భగీరథుని తపస్సును మనము బాల్యమునుండి వినుచున్నవే. వానిని మరల చెప్పుట మా యుద్దేశము గాదు. నేడు మనవారు ఏ పని చేసి కుటుంబములను పోషించుకొనుచున్నారో, ఆ పనికిని ఒక చరిత్ర గలదని చూపుటయే మా ప్రయత్నము. అట్టి పనులలో గోడలకు సున్నము వేయుట, రంగు వేయుట యొకటి.

ఉప్పర యను మన పేరు ఉప్పునుండి వచ్చినదని పెద్దలందురు. ఉప్పు చేయుట మానిన పిదప చెరువుకట్టలు, బావులు, మట్టిగోడలు మనకు జీవనాధారములైనవి. గోడ లేచినచోట దానికి పూత తప్పదు. అయినను ఈ పూతపని మన కులమున కొక్కదానికే చెందినదని చెప్పుట అసత్యమగును. కొత్తగూడెమున నేడు కుంచె పట్టినవారిలో అనేక కులములవారును, మతములవారును గలరు. మన చరిత్ర వారి చరిత్రతో కలిసియే యున్నది.

ఈ సీమ యొకప్పుడు దట్టమైన యడవి. గోదావరి కిరుప్రక్కల కోయలు వెదురు తడికలపై మట్టి మెత్తి గోడలు నిలిపి, ఎర్రమన్నుతో అలికి, పండుగలకు వానిని తీర్చిదిద్దుకొనుచుండిరి. ఆ పనిలో నేర్పు గలదు, అందము గలదు. కూలి మాత్రము లేదు. తన గోడను తాను పూసికొన్నంతకాలము అది గృహకృత్యము. పరుల గోడ పూసి కూలి గొన్ననాడు అది వృత్తి. పని నొప్పుకొని, పదిమందిని పెట్టుకొని, లాభనష్టములకు తానే బాధ్యుడైననాడు అది వ్యాపారము. ఈ మూడు మెట్లను మనస్సున నుంచుకొని చదువరులు ముందునకు సాగవలెనని మా ప్రార్థన.

మొదటి మెట్టునుండి రెండవదానికి ఈ సీమను చేర్చినది బొగ్గు. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు కింగు దొరగారు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు జాడ కనుగొనిరి. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులు పొందెను. 1889లో బొగ్గు త్రవ్వకము మొదలయ్యెను. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1937లో కొత్తగూడెమున గనులు తెరవబడిన పిదప, కంపెనీ ప్రధాన కార్యాలయము సైతము ఇల్లెందు విడిచి ఇచ్చటికే చేరినది. గని యున్నచోట కార్మికుడు, కార్మికుడున్నచోట వసతిగృహములు. రుద్రంపూరు మొదలగు కాలనీలలో ఇండ్లు బారులు తీరినవి. ఆ యింటిలో నివసించువాడు దానికి యజమాని గాడు. యజమానియైన కంపెనీ తన చేతితో గోడ పూయదు. కావున గోడ పూయుటకే వేరొక మనుష్యుడు కావలసివచ్చెను. బొగ్గుపొడి గోడలను నల్లబరచుచుండ, సున్నము వానిని మరల తెల్లబరచుచుండెను. పరుల గోడ పూసి బ్రదుకు కూలివాడు ఈ సీమలో ఇట్లు స్థిరపడెను.

ఆనాటి సున్నపు పనిని నేటి యువకులు చులకనగా జూతురు. అది తగదు. సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమికి కాల్చిన పిమ్మట, దానిలోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి సున్నము మిగులును. నీరు పోసినతోడనే అది బుసలుకొట్టి ఉడుకును. దానిని చల్లార్చి, పలుచని గుడ్డతో వడగట్టి, తుమ్మబంకయో గంజియో చేర్చి, తెలుపు మెరయుటకు చిటికెడు నీలిమందు కలిపి పూయుదురు. గోడపై నారిన సున్నము గాలిలోని ఆ వాయువునే మరల గ్రహించి రాయిగా మారును. బట్టీలో పోగొట్టుకొన్నదానిని గోడపై తిరిగి సంపాదించుకొను నన్నమాట. పాలు ఎక్కువైనచో పెచ్చులూడును. తక్కువైనచో చేతి కంటును. ఈ పాకము తెలిసినవాని కంటిచూపే కొలత. అతని కంటిలో సున్నపు చుక్క పడినచో ఆ చూపే పోవచ్చును. సున్నము తడుపుట, వడగట్టుట, గోడలు గీకి కడుగుట, నీరు మోయుట మన స్త్రీల పని. మేస్త్రీల పేర్లయినను ఆయా ఇండ్లవారికి గుర్తున్నవి గాని, ఆ తల్లుల పేర్లు ఏ లెక్కలోను చేరలేదు.

ఇట్లుండగా డబ్బా రంగులు వచ్చినవి. మన దేశమున రంగుల పరిశ్రమ 1902లో హౌరాలో షాలిమారు కర్మాగారముతో నారంభమైనది. యుద్ధకాలమున దిగుమతులు నిలిచినప్పుడు, 1942లో బొంబాయియందు నలుగురు మిత్రులు ఒక గారేజీలో ఏషియన్ పెయింట్స్ అను సంస్థను స్థాపించిరి. పెద్ద కంపెనీల కన్ను పట్టణములపై నుండగా, వీరు చిన్న డబ్బాలు చేసి పల్లెలకు పంపిరి. మహారాష్ట్రలో పోలా పండుగనాడు ఎద్దుల కొమ్ములకు రంగు వేయు రైతులును వీరి ఖాతాదారులైరి. ఏరువాకనాడు మన రైతులును ఎద్దుల కొమ్ములకు రంగులు పూయుదురు గదా! ఆ చిన్న డబ్బాతో మొదలైన సంస్థ 1967 నాటికి దేశములోని రంగుల కంపెనీలలో ప్రథమస్థాన మందెను. ఇందలి నీతి స్పష్టము. పెద్దవారు చిన్నదని విడిచిన పనిని శ్రద్ధతో పట్టుకొన్నవాడు పెద్దవాడగును.

కొత్తగూడెము చుట్టును పని కూడ పెరిగినది. 1966లో పాల్వంచయందు విద్యుత్కేంద్రము, 1979లో సారపాకయందు కాగితపు మిల్లు, 1980లో పాల్వంచయందే స్పాంజి ఇనుము కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినవి. ఉద్యోగులు వచ్చిరి, సొంత యిండ్లు కట్టుకొనిరి. 2016 అక్టోబరు 11న కొత్తగూడెము జిల్లా కేంద్రమైనది. సున్నమునకు బదులు డిస్టెంపరు, దానికి బదులు ఎమల్షను, వాని క్రింద లప్పము, ప్రైమరు వచ్చినవి. పని పెరిగెను, నేర్పును పెరిగెను. అయినను మనవారిలో పెక్కురు నేటికిని రెండవ మెట్టుననే యున్నారు. వేకువనే అడ్డాపై నిలిచి పిలుపుకై చూచుచున్నారు. ఎందుచేత?

మేమెరిగిన యొక మేస్త్రీ కథ చెప్పెదము. కుంచె పనిలో అతనికి సాటి లేదు. కూలి మాని, ఒక రెండంతస్తుల యింటిని సామానుతో సహా గుత్తకు ఒప్పుకొనెను. గోడలు కొలువలేదు; చూపుతో అంచనా వేసి మాట యిచ్చెను. బయానా సొమ్ము లప్పమునకే సరిపోయెను. శ్రావణమాసమున తడియారని గోడపై రంగు వేయగా, కార్తికము రాకమునుపే పొక్కులెత్తెను. మరల గీకి పూయుటకును, కూలివారికి బాకీ తీర్చుటకును ఇల్లాలి పుస్తెలత్రాడు తాకట్టుకు బోయెను. అతడు తిరిగి అడ్డా చేరెను. అతనికి కొరవడినది నేర్పు గాదు, లెక్క.

ఆ లెక్క కష్టమైనది గాదు. పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గల గదికి నాలుగు గోడలు 440 చదరపు అడుగులు. తలుపునకు 21, కిటికీకి 12 తీసివేయగా 407. పైకప్పు 120 చేర్చగా 527. రెండు పూతలకు లీటరు రంగు 65 చదరపు అడుగులకు వచ్చుననుకొన్నచో, ఎనిమిది లీటర్లపైన కొంచెము పట్టును. దీనికి లప్పము, ప్రైమరు, గరుకు కాగితము, పరంజా అద్దె, కూలి, వానకు పని నిలుచు దినములు, చివరకు తన లాభము వేరు వేరుగా వ్రాయవలెను. వ్రాసినదానిని ఇంటి యజమానికి చూపి సంతకము గొనవలెను. పనిలో మూడవవంతు ముగిసినంతనే మూడవవంతు సొమ్ము అడుగవలెను. కొత్తగా మొదలిడువాడు ముందు ఒక గది, తరువాత ఒక యిల్లు, ఆ పిమ్మట ఒక వీధి అను క్రమమున సాగవలెను. బాగుగ పూసిన యొక గోడ పది ప్రకటనలకు సమానము. దసరా, సంక్రాంతి ముందర పని వెల్లువగా వచ్చును. ఆ నెలలలో మిగిల్చినది వానకాలమున తినుటకు గాదు, నిచ్చెనయు పరంజాయు సొంతముగ కొనుటకు.

ఇక ప్రాణముల మాట. లప్పము రుద్దునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులలో జేరును. పాత రంగుల గీకుడులో సీసము అను విషముండవచ్చును. క్రొత్తగా చేయు ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నియమము 2017 నవంబరు 1 నుండి అమలులో నున్నది. పాత గోడలకు మాత్రము ఆ రక్షణ లేదు. వానిని తడిపి గీకవలెను, ముక్కునకు ముసుగు కట్టవలెను. పరంజానుండి పడినవానిని గూర్చి వేరుగ చెప్పనేల? మనలో ప్రతి వాడకును అట్టి యిల్లొకటి గలదు.

1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టము రంగుపనివారికిని వర్తించెను. 18 మొదలు 60 ఏండ్ల లోపువాడు, గడచిన సంవత్సరమున 90 దినములు పనిచేసియున్నచో సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసికొనవచ్చును. కట్టడముల ఖర్చులో నూటికి ఒక రూపాయి సుంకముగ వసూలగుచున్నది ఇందులకే. మన శ్రమపై పుట్టిన సొమ్ము మన పేరు లేకపోవుటచే మనకు అందకపోవుట కంటె దౌర్భాగ్య మేమున్నది? 2023లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన విశ్వకర్మ పథకమున పదునెనిమిది వృత్తులు చేరినవి. గోడ కట్టు రాజమేస్త్రీ అందు గలడు. ఆ గోడకు పూత వేయువాడు లేడు. ఇది విన్నవించుకొనదగిన విషయము.

కావున సభవారికి మా మనవి మూడు మాటలు. మన పూతపనివారందరిని, స్త్రీలను ముందుంచి, సంక్షేమ మండలిలో నమోదు చేయింపుడు. పోషకుల సాయముతో పరంజాలు, నిచ్చెనలు, నడికట్లు కొని ఉమ్మడిగ నుంచుడు. పడిపోవు ప్రాణమునకు అది మొదటి భిక్ష. ఏటేట వానకాలమున నొక నెల మన పిల్లలకు కొలత, లెక్క, ఒప్పందపు వ్రాత నేర్పుడు. కుంచె పట్టుట వారికి తండ్రులే నేర్పుదురు.

మన పూర్వులు చెరువులు త్రవ్వి ఊళ్లకు నీరిచ్చిరి; గట్టుపై తమ పేరు వ్రాసికొనలేదు. మనము పూసిన గోడలపైనను మన పేరుండదు. ఉండనక్కరలేదు. కాని కూలిపుస్తకమున, ఒప్పందపు కాగితమున, ప్రభుత్వపు పట్టికయందు మన పేరుండవలెను. అది కలిగిననాడు మూడవ మెట్టు దూరము గాదు.