గొట్టం వదిలిన దూరదర్శిని

పరావర్తన దూరదర్శినిలో కాంతిని పట్టి కంటికి చేర్చేవి రెండు దర్పణాలు, ఒక అక్షికటకం మాత్రమే. మిగిలినదంతా వాటిని తగిన దూరంలో, తగిన కోణంలో కదలకుండా నిలపడానికి ఏర్పడినదే. ఆ మిగిలినదానిలో ముఖ్యమైన గొట్టాన్ని తొలగించి, దాని స్థానంలో త్రిభుజాలుగా కూర్చిన కడ్డీలను అమర్చితే దానిని ట్రస్ గొట్టం అంటారు. పదహారు, ఇరవై అంగుళాల దర్పణాలతో ఔత్సాహికులు ఇంటివద్దే నిర్మించుకునే పెద్ద దూరదర్శినులలో ఎక్కువ భాగం నేడు ఈ రూపంలోనే ఉన్నాయి. ఈ రూపం ఒక్కరి ఊహలో పుట్టినది కాదు. వేధశాలల ఇంజనీరింగు నుంచి త్రిభుజమూ, శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల నుంచి పీఠమూ వచ్చి కలిస్తే ఏర్పడినది.

న్యూటన్ 1668లో చేసిన తొలి పరావర్తన దూరదర్శిని దర్పణం రెండంగుళాల వెడల్పైనా లేదు. రాగి, తగరం కలిపి పోతపోసిన ఆ దర్పణాలకు త్వరగా మకిలి పట్టేది, మళ్లీ మెరుగుపెట్టిన ప్రతిసారీ వంపు చెడే ప్రమాదం ఉండేది. ఆ కష్టాన్ని భరిస్తూనే సంగీత విద్వాంసుడైన విలియం హెర్షెల్ స్వయంగా దర్పణాలు చేసుకొని, 1781లో యురేనస్‌ను కనుగొని, 1789 నాటికి 48 అంగుళాల దర్పణం గల నలభై అడుగుల దూరదర్శినిని నిలబెట్టాడు. గొట్టం పెద్దదైనకొద్దీ బరువుతోపాటు మరో చిక్కు కూడా పెరిగింది: లోపల చిక్కుకున్న వెచ్చని గాలి కదులుతూ ప్రతిబింబాన్ని చెదరగొడుతుంది. లివర్‌పూల్ మద్య వ్యాపారి విలియం లాసెల్ 1860ల తొలినాళ్లలో మాల్టా ద్వీపంలో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శినికి గాలి ఆడేటట్లు ఇనుప బద్దల జాలీ గొట్టాన్నే అమర్చాడు. హెర్షెల్, లాసెల్ ఇద్దరికీ ఖగోళశాస్త్రం జీవనోపాధిగా మొదలైనది కాదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

1850ల చివర గాజుపై పలుచని వెండి పూత వేసే పద్ధతి దూరదర్శినులకు అక్కరకు వచ్చింది. పూత మాసితే కడిగి మళ్లీ వేయవచ్చు, గాజు వంపు మాత్రం చెక్కుచెదరదు. దాదాపు అదే కాలంలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో, దర్పణం నుంచి తిరిగివచ్చే కాంతి కొనకు కత్తి అంచును అడ్డుపెట్టి, ఉపరితలంలోని సూక్ష్మ లోపాలను నీడలుగా చూసే పరీక్షను రూపొందించాడు. ఇంట్లో దర్పణం చేయడం సులభమైనది ఈ రెండింటివల్లనే. రెండు గాజు బిళ్లల మధ్య కార్బొరండం పొడి, నీరు వేసి రుద్దుతూ పోతే పై బిళ్ల పుటాకారంగా, కింది బిళ్ల కుంభాకారంగా అరుగుతాయి. ఆపై తారువంటి పదార్థంతో చేసిన పలకపై మెరుగుపెట్టి, గోళాకారాన్ని పరావలయాకారంగా మార్చాలి. ఆ తుది దశలో మిగలగల దోషం కాంతి తరంగదైర్ఘ్యంలో చిన్న భిన్నమంత, అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతుకన్నా తక్కువ. అంతటి సూక్ష్మతను మనిషి చేతులు, ఒక కత్తి అంచు సాధించగలగడం నిజంగా అబ్బురపరిచే విషయం.

ఈ విద్యను సామాన్యులకు చేర్చినవారిలో రస్సెల్ పోర్టర్ ముఖ్యుడు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఆయన 1920లో దర్పణ నిర్మాణం నేర్పడం మొదలుపెట్టాడు. ఆ కృషిని ఆల్బర్ట్ ఇంగాల్స్ 1925 నుంచి ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రిక ద్వారా దేశమంతటికీ పరిచయం చేశాడు. అయినా ఔత్సాహికుల దర్పణాలు చాలాకాలం ఆరు, ఎనిమిది అంగుళాల దగ్గరే ఆగిపోయాయి, ఎందుకంటే భూభ్రమణాన్ని అనుసరించి తిరిగే బరువైన లోహపు పీఠం అంతకుమించిన గొట్టాన్ని మోయాలంటే మోయలేనంత ఖర్చయ్యేది.

పెద్ద వేధశాలల సమస్య వేరు. పాలోమార్ పర్వతంపై 1948లో ప్రారంభమైన 200 అంగుళాల దూరదర్శినికి ఎంత బలమైన ఉక్కు వాడినా, దాదాపు 13 టన్నుల దర్పణాన్ని మోసే గొట్టం వంగక తప్పదు. ఇంజనీరు మార్క్ సెరూరియే 1930లలో దానికి చూపిన పరిష్కారం, వంపును నివారించడం కాక దానిని సమానంగా పంచడం: మధ్య చట్రానికి పైనొక త్రిభుజాల జత, కిందొక జత అమర్చితే, రెండు చివరలూ ఒకే మేరకు, పరస్పరం సమాంతరంగా జారి, దర్పణాల అక్షం చెదరదు.

ఇక పీఠం జాన్ డాబ్సన్ నుంచి వచ్చింది. బీజింగ్‌లో 1915లో పుట్టి, బర్క్లీలో రసాయనశాస్త్రం చదివిన ఆయన, వివేకానందుడు స్థాపించిన శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సమాజంలో 1944లో చేరి రామకృష్ణ సంప్రదాయ సాధువయ్యాడు. మఠంలో డబ్బు లేదు కనుక పారవేసిన గాజును అరగదీసి, దొరికిన చెక్కలతో దూరదర్శినులు చేసి, ఇరుగుపొరుగువారికి ఆకాశం చూపేవాడు. ఈ వ్యాపకమే 1967లో ఆయన మఠం విడవవలసిన పరిస్థితికి దారితీసింది. మరుసటి ఏటి నుంచి ఆయన బృందం కాలిబాటలపై నిలిచి దారిన పోయేవారిని పిలిచి చంద్రుణ్ని, శనిగ్రహాన్ని చూపించింది. కాంక్రీటు స్తంభాల పోతకు వాడే అట్ట గొట్టం, ప్లైవుడ్ పెట్టె, నున్నని పలకపై జారే టెఫ్లాన్ ముక్కలు ఆ దూరదర్శినిలోని ప్రధాన భాగాలు. తుపాకీ మాదిరి పైకీ కిందికీ, పక్కలకూ తిరిగే ఈ పీఠం, వేలితో నెడితే కదిలి, వదిలిన చోట నిలుస్తుంది. పెద్ద దర్పణాన్ని సామాన్యుడి అందుబాటులోకి తెచ్చిన ఘనత పరికరాల కంపెనీలకన్నా ఈ సాధువుకే ఎక్కువగా చెందుతుంది.

ఇరవై అంగుళాల దర్పణం ఆరంగుళాల దానికన్నా పదకొండు రెట్ల కాంతిని పడుతుంది. కాని దాని నాభ్యంతరం, అంటే కాంతి కేంద్రీకృతమయ్యే దూరం, వ్యాసానికి ఐదు రెట్లయితే గొట్టం రెండున్నర మీటర్లకు చేరుతుంది. నగరాల వెలుగు ఆకాశాన్ని కప్పివేస్తుండగా, చీకటి ఉన్న చోటికి దానిని కారులో తీసుకువెళ్లాలి. 1980లలో డాబ్సన్ పీఠంపై ట్రస్ చేరడానికి ప్రధాన కారణం ఈ ప్రయాణమే. ఎనిమిది అల్యూమినియం గొట్టాలు నాలుగు త్రిభుజాలుగా దర్పణపు పెట్టె నుంచి, రెండో దర్పణమూ అక్షికటకమూ ఉండే పై పంజరానికి లేస్తాయి. విప్పితే ఒక కట్టగా ఒదుగుతాయి. దీనిని సెరూరియే ట్రస్ అని పిలవడం పరిపాటి అయినా అది అంత సరికాదు: ఇందులో కింది త్రిభుజాల జత లేదు, వంపుల సమీకరణమూ లేదు, ఇక్కడ త్రిభుజం తేలికతనానికీ బిగువుకూ మాత్రమే. డేవిడ్ క్రీగ్, రిచర్డ్ బెర్రీ 1997లో ప్రచురించిన నిర్మాణ గ్రంథం ఈ పద్ధతిని కొలతలతో సహా స్థిరపరచింది.

గొట్టం పోయినందుకు చెల్లించవలసిన మూల్యమూ ఉంది. పక్కవెలుగు లోపలికి రాకుండా కడ్డీల చుట్టూ నల్లని గుడ్డ తొడగాలి; కూర్చిన ప్రతిసారీ రెండు దర్పణాల అక్షాలను మరలతో సరిచేయాలి. అక్షికటకాన్ని అందుకోవడానికి ఎక్కవలసిన నిచ్చెన ఎత్తు తగ్గించడానికి నాభ్యంతరాన్ని కుదించినకొద్దీ ఈ సవరణలో సహించగల తప్పు వేగంగా తగ్గిపోతుంది, దృష్టిక్షేత్రపు అంచున నక్షత్రాలు తోకచుక్కల్లా సాగుతాయి. ఆ సాగుదలను దిద్దే కటకాన్ని అక్షికటకం ముందు అదనంగా చేర్చుకోవలసి వస్తుంది.