తడిబట్టల ప్రమాణం

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధమాడితే బతుకు నిలవదని మా చిత్తూరు వైపు నమ్మకం. అందుకే దొంగతనం తగాదా అయినా, మగవాడి తాగుడైనా చివరికి అక్కడికే చేరుతుంది. చిన్నప్పుడు మా మేనత్త వెంట నేనూ వెళ్లాను. బెల్లం గానుగలో కూలికి పోయే మామ కోనేట్లో మునిగి, తడిబట్టలతో నిలబడి ఇక తాగనన్నాడు. గానుగలు ఆగిపోయి కూలి దొరకని నెలలు రాగానే మళ్లీ మొదలుపెట్టాడు. నలభై అయిదేళ్లకే పోయాడు. ప్రమాణం తప్పాడు గనుకే పోయాడన్నారు ఊళ్లో. మొగుణ్ణి అదుపులో పెట్టుకోలేదని అత్తనూ అన్నారు.

ఆన్ కేస్, ఆంగస్ డీటన్ రాసింది చదువుతుంటే ఆ మామే గుర్తొచ్చాడు. 1999, 2013 మధ్య అమెరికాలో 45–54 ఏళ్ల తెల్లవాళ్లలో మరణాల రేటు పెరిగిందని 2015లో వాళ్లు చూపించారు. ఆ పెరుగుదల ముఖ్యంగా హైస్కూలు దాటనివాళ్లలోనే. కారణాలు తాగుడు, మత్తుమందులు, ఆత్మహత్య. వాటి వెనక ఉన్నది పోయిన ఉద్యోగాలు, పెరగని జీతాలు. మన దగ్గర సగటు ఆయుర్దాయం పెరిగింది, నిజమే. కానీ జాతీయ నేర గణాంకాల్లో ఆత్మహత్య చేసుకున్న రోజుకూలీలు 2014లో 15,735 మంది, 2021లో 42,004 మంది. అంటే ఆ ఏడాది ఆత్మహత్యల్లో నాలుగో వంతు.

ఈ లెక్కను మన ఆడవాళ్లు ముందే వేరేలా కట్టారు. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్రభుత్వమే ఊరూరా చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, అక్షరాస్యత తరగతుల్లో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న కూలి స్త్రీలు సారా దుకాణం మూయించారు. మొగుళ్ల చేత ఒట్టు వేయించుకోవడంతో ఆగలేదు, వేలంపాటలనే అడ్డుకున్నారు. ఉద్యమం చిత్తూరుతో సహా పక్క జిల్లాలకు పాకింది. నాకు ముఖ్యమనిపించేది ఇదే: చావుకు కారణం మగవాడి బలహీనతలోనో, భార్య చేతగానితనంలోనో వెతకకుండా సర్కారు ఆదాయంలో వెతికారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఖజానా పేరు చెప్పి ఆ నిషేధాన్ని సడలించారు. నిషేధం ఉన్నా దొంగసారా ఆగలేదన్నదీ నిజమే. కూలి లేని నెలలకు నిషేధమూ జవాబు కాదు.

2024 అక్టోబరులో రాష్ట్రంలో మద్యం దుకాణాలను లాటరీ తీసి ప్రైవేటువాళ్లకు కేటాయించారు. 99 రూపాయల సీసా కూడా వచ్చింది. ఆ తర్వాత ఒకసారి కాణిపాకం వెళ్లాను. కోనేటి మెట్ల మీద తడిబట్టలతో వణుకుతున్న ఒక కుర్రాడు. పక్కన తువ్వాలు పట్టుకుని, ఇరవయ్యేళ్లు కూడా నిండని అతని భార్య.