కాలి దగ్గర దాచిన పిస్తోలు

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మనం పిస్తోలుని నడుం బెల్టుకే చూశాం. లాన్‌యార్డు ఒక కొస పిస్తోలుకి, రెండో కొస భుజానికి. పోయిందంటే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ తప్పదు. కోత్ ఎన్.సి.ఓ.గా చేసినవాడిని కాబట్టి ఆ భయం నాకింకా పోలేదు. కాలికి మనం కట్టింది వెబ్ ఆంక్లెట్లే గాని పిస్తోలు కాదు. ఈమధ్య ప్రైవేటు సెక్యూరిటీలో చేరిన మనవాళ్ళు కొందరు 'ఆంకిల్ హోల్‌స్టర్' సంగతి అడుగుతుంటే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయుధం దాచుకోవడం ఒక ఎత్తు, సమయానికి తీయడం ఇంకో ఎత్తు. మన చరిత్రలోనే దీనికి ఉదాహరణ ఉంది. 1908 ఏప్రిల్ 30 రాత్రి ముజఫర్‌పూర్‌లో ఖుదీరాం బోస్, ప్రఫుల్ల చాకీ కలిసి కింగ్స్‌ఫోర్డ్ అనే జడ్జి బండి అనుకుని బాంబు విసిరారు. అందులో ఉన్నది ఆయన కాదు, తల్లీకూతుళ్ళు. ఇద్దరూ చనిపోయారు. ఖుదీరాం రాత్రంతా నడిచి, తెల్లారేసరికి వైనీ స్టేషన్ చేరాడు. మంచినీళ్ళ కోసం ఆగిన చోట ఇద్దరు కానిస్టేబుళ్ళకి అనుమానం వచ్చింది. ఒంటిమీద రెండు రివాల్వర్లున్నాయి. పెనుగులాటలో ఒకటి జారి కింద పడింది, రెండోది పేల్చే వీలు చిక్కలేదు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. ఆగస్టు 11న ఉరి తీశారు. చాకీ మాత్రం మొకామాలో పోలీసులు చుట్టుముట్టగానే తన ఆయుధంతో తననే కాల్చుకున్నాడు.

1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడ్డా కంపెనీ సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు విప్లవకారులు ఎద్దుబండి మీద దాటించేశారు. కంపెనీలో పనిచేసే శ్రీశ్ చంద్ర మిత్రే దారి చూపించాడు. 1915 సెప్టెంబరులో బాలాసోర్ దగ్గర బాఘా జతిన్ దళం పోలీసులతో పోరాడింది ఆ మౌజర్లతోనే. కాని మౌజర్ కిలో పైన తూగుతుంది, గొట్టం పొడుగు. కప్పుకున్న దుప్పటి కింద దాగుతుందేమో గాని కాలికి కట్టుకుని నడవలేం.

కాలికి కట్టాలంటే తుపాకీ చిన్నదవ్వాలి. 1865లో లింకన్‌ని చంపిన డెరింజర్ అరచేతిలో ఇమిడేదే, కాని ఒక్కటే గుండు. 1927లో కోల్ట్ కంపెనీ 'డిటెక్టివ్ స్పెషల్' తెచ్చింది. రెండంగుళాల గొట్టం, ఆరు గుళ్ళు. 1950లో స్మిత్ అండ్ వెస్సన్ ఐదు గుళ్ళది ఇంకా చిన్నగా చేసింది. అమెరికాలో మఫ్టీ పోలీసులు ఇలాంటివి కాలికి కట్టేవారు, అయితే రెండో ఆయుధంగానే. మొదటిది నడుముకే ఉండేది. ఈ ముక్క మనవాళ్ళు మర్చిపోతున్నారు.

కుడిచేతి వాటం వాడు ఎడమకాలికి లోపలివైపు కట్టాలి. తీయాలంటే వంగాలి, లేదా ఒక మోకాలు నేలకి ఆనించాలి. జీపు సీటులో కూర్చున్నవాడికి చెయ్యి తొందరగా అందుతుంది. నిలబడి ఉన్నవాడికి, పరిగెత్తేవాడికి అందదు. ప్యాంటు అంచు వెడల్పుగా ఉండాలి. మా కుర్రతనంలో బెల్‌బాటం ప్యాంట్లుండేవి గాని పిస్తోళ్ళు లేవు! దుమ్ము, బురద ముందు పట్టేది అక్కడే కాబట్టి రోజూ తుడవాలి. ఎలాస్టిక్ పట్టీ సాగిపోతే మార్చాలి. ట్రిగ్గరు పూర్తిగా కప్పి ఉండాలి.

ఈశాపూర్ ఫ్యాక్టరీ వారి మన 9 ఎం.ఎం. 1ఎ 13 గుళ్ళది, నిండితే దాదాపు కిలో. అది కాలి సరుకు కాదు. కాన్పూర్‌లో 2014లో తెచ్చిన .32 'నిర్భీక్' రివాల్వర్ అరకిలోయే, కాని ధర అప్పట్లోనే లక్షా ఇరవై వేలు దాటింది. లైసెన్సు సంగతి సరేసరి. 2019 సవరణతో ఒకరికి మూడు కాదు, రెండే ఆయుధాలు.

మా యూనిట్ హవల్దారు ఒకాయన రిటైరయ్యాక ఒక పెద్దమనిషి దగ్గర పనికి కుదిరాడు. ఆయుధం ఎవరికీ కనపడకూడదని ఆ యజమాని పట్టుబట్టాడు. మావాడు లైసెన్సున్న తన .32ని కాలికి కట్టాడు. నెల తిరిగేసరికి పట్టీ వదులైంది. సంతరోజు జీపు దిగి నాలుగడుగులు వేశాక పిస్తోలు బాటమీద పడింది. మావాడు చూసుకోలేదు. పిల్లాడొకడు తీసుకుని, "తాతా, ఇది నీదేనా?" అన్నాడట, వేలు ట్రిగ్గరు మీదే ఉంచి. ఛాంబరులో గుండు పెట్టుకోకూడదన్న పాత అలవాటు వల్ల ఏమీ కాలేదు.

ఆ సాయంత్రమే నాకు ఫోను చేశాడు. "సాబ్, చేతులింకా వణుకుతున్నాయి" అన్నాడు. మర్నాడు పట్టీ విప్పి పారేసి, నడుం బెల్టుకి మారాడు. యజమాని ఒప్పుకోకపోతే ఉద్యోగం మానేస్తానన్నాడు. ఒప్పుకోలేదు, మానేశాడు.